కోఠీ రెసిడెన్సీ: ఇల్లాలు చూడని మేడ

నాచారములో మా ఇంటి డాబా మీద నిలబడితే మౌలాలి గుట్ట కనిపిస్తుంది. ఆ గుట్ట దిగువన మహలఖాబాయి చందా సమాధి ఉన్నది. ఆమె నిజామ్ అలీఖాన్ కొలువులో కవయిత్రి, గాయని. పురుషులతో సమానముగా దర్బారులో కూర్చున్న స్త్రీ. అదే కాలమున అదే నగరములో మరొక స్త్రీ ఉండేది. తన భర్త కట్టించిన మేడను ఎదుట నిలిచి చూచే భాగ్యము ఆమెకు లేకపోయినదని చెప్పుకుంటారు. ఆమె పేరు ఖైరున్నిసా. ఆ మేడ కోఠీలోని రెసిడెన్సీ.

దానిని చూడాలని నా భార్య చిరకాలముగా అడుగుతున్నది. ఒక సెలవునాడు ఇద్దరమూ ఉప్పల్ చేరి, రామంతపూర్, అంబర్‌పేటల మీదుగా కోఠీకి వెళ్ళినాము. బజారు సందడి దాటి ఆవరణలో అడుగుపెట్టగానే ఆరు మహాస్తంభాలు ఎదురైనవి. పైన త్రికోణాకారపు ముఖభాగములో ఈస్టిండియా కంపెనీ చిహ్నము. కింద విశాలమైన మెట్లకు అటునిటు రెండు సింహాలు. లోపల దర్బారు హాలు, చిత్రించిన పైకప్పు, వంపు తిరిగి పైకి పోయే జంట మెట్లు. ఇంగ్లండులోని ప్రభువుల భవనమొకటి మూసీ ఒడ్డుకు తరలివచ్చినట్లుంటుంది.

దీనిని తలపెట్టినవాడు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. నిజాము కొలువులో కంపెనీ ప్రతినిధి. 1798లో నిజాముతో సంధి కుదిర్చి, ఫ్రెంచి అధికారుల కింద ఉన్న వేలాది సిపాయిలను నిరాయుధులను చేయించినవాడు ఇతడే. 1803 ప్రాంతమున పని మొదలైనది. నమూనా గీచినవాడు శామ్యూల్ రస్సెల్ అనే ఇంజనీరు. ఖర్చు మాత్రము నిజాము ఖజానాది. స్థలము కోసము మొదట పెద్ద పటము గీసి పంపితే నిజాము నిరాకరించినాడట. అదే స్థలమును చిన్న కాగితము మీద చూపితే సంతోషముగా అంగీకరించినాడట. ఇది కథ కావచ్చును. కాని కంపెనీ ఈ దేశమును ఎట్లు సంపాదించినదో ఆ కథలో కొంత ఉన్నది.

ఈ దొర హైదరాబాదు మర్యాదలకు లోబడినాడు. మొగలాయి దుస్తులు ధరించినాడు. హష్మత్ జంగ్ అనే బిరుదు పొందినాడు. దివాను మీర్ ఆలం బంధువర్గములోని ఖైరున్నిసాను పెండ్లాడినాడు. దాని మీద గవర్నరు జనరలు వెల్లస్లీ విచారణ జరిపించినాడు. అయినా ఆయన భార్యను విడువలేదు. ఆమె కోసము రెసిడెన్సీ ఆవరణలో రంగమహలు కట్టించినాడు.

ఆ తోటలోనే ఈ భవనమునకు చిన్న నమూనా ఒకటి ఉన్నది. ఘోషాలో ఉన్న భార్య మేడ ముందుకు రాలేదు గనుక, దాని స్వరూపమును ఆమెకు చూపించుటకై కిర్క్‌పాట్రిక్ దీనిని చేయించినాడని చెబుతారు. నా భార్య దానివైపు చాలాసేపు చూచి, “ఒకనాడు చీకటిపడ్డాక తోడుకొనివచ్చి చూపించకూడదా అండీ?” అన్నది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఘోషా ఆనాటి కులీన స్త్రీకి మర్యాద. దానిని దాటితే వంశమునకే తలవంపు. ఒక సైన్యము చేతి ఆయుధములు దించించిన దొరకు ఆ తెర దించుట చేతకాలేదు.

తరువాతి కథ విషాదము. 1805లో వారి కుమారుని, కుమార్తెను ఇంగ్లండుకు పంపినారు. పిల్లవానికి నాలుగేండ్లు, పాపకు మూడు. అదే సంవత్సరము అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించినాడు. ఖైరున్నిసా తన బిడ్డలను మళ్ళీ చూడకుండానే 1813లో కన్నుమూసినది. ఆ పాపే కిట్టీ కిర్క్‌పాట్రిక్. 1841లో, తల్లి పోయిన ఇరవై ఎనిమిదేండ్లకు, హైదరాబాదులోని అమ్మమ్మతో ఆమెకు ఉత్తరాలు నడిచినవి. రంగమహలును తరువాత కూల్చివేసినారు. 1857 జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనముతో వచ్చి ఈ రెసిడెన్సీ మీదనే దాడి చేసినారు.

1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఈ భవనములోనికి వచ్చినది. శిథిలమవుతున్న ఈ కట్టడమును 2002లో ప్రపంచ స్మారక నిధి ప్రమాదములో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చినది. అటుపిమ్మట మరమ్మతులు జరిగినవి. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైనది. ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టినారు. పాలకుర్తిలో దొరల ఎదుట నిలిచి తన పంటను, తన భూమిని కాపాడుకున్న తల్లి ఆమె.

మేము తిరిగివచ్చే ముందు మళ్ళీ మేడ ముంగిటికి వచ్చినాము. నా భార్య సింహాల నడుమ మెట్లెక్కి, వెనుదిరిగి స్తంభాలను ఒక్కొక్కటిగా తల ఎత్తి చూచినది. “ఆవిడ తరఫున కూడా చూచినాను, ఇక పోదాము పదండి” అన్నది. ఇంటికి చేరేసరికి చీకటి పడినది. మౌలాలి గుట్ట మీద దీపాలు వెలిగియున్నవి.