పయనించని పానీయం: ఖరగ్‌పూర్ దారిలో తాటికల్లు, ఈతరసం

ఒకే జాతి ద్రాక్షతో వేర్వేరు ప్రాంతాల్లో తయారైన వైన్లను ఒకే పూట మిత్రుల మధ్య వరసగా రుచి చూసి, ఏ నేల ఏ గుణాన్ని ఇచ్చిందో తేల్చుకోవడం పాశ్చాత్య దేశాల విందుల్లో స్థిరపడిన ఆచారం. ఇటువంటి పోలికకు తరచుగా ఎంచుకొనే జాతుల్లో సిరా ఒకటి. పేరు వినడానికి తెలుగులో రాతకు వాడే సిరాలాగే ఉన్నా రెండింటికీ సంబంధం లేదు. ఫ్రాన్సులో రోన్ నది ఉత్తర లోయలో, ఎర్మితాజ్ కొండ గ్రానైటు వాలులమీద పండిన సిరాలో మిరియాల ఘాటు, ఆలివ్ కాయ వాసన ముందుకు వస్తాయి. 1830లలో జేమ్స్ బస్బీ ఐరోపానుంచి ఆస్ట్రేలియాకు చేర్చిన తీగల్లో ఇదీ ఉంది. అక్కడ వేడి ఎక్కువగా ఉండే బరోసా లోయలో ఇది షిరాజ్ అనే పేరుతో, మాగిన పండ్ల తీపి గుర్తుకు తెచ్చే చిక్కని వైన్ అయింది. ఇరాన్‌లోని షిరాజ్ నగరమే దీని పుట్టిల్లన్న కథ చాలాకాలం నడిచి, దురేజా, మొందూజ్ బ్లాంష్ అనే రెండు ఫ్రెంచి ద్రాక్షల కలయికతో ఈ జాతి పుట్టిందని 1998లో జన్యుపరీక్షలు తేల్చడంతో ఆగిపోయింది. సిరాలోని మిరియాల ఘాటుకు కారణమైన రొటండోన్ అనే పదార్థం నల్ల మిరియాల్లో ఉండేదేనని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చూపించారు.

ఈ ఆచారమంతా ఒక్క సదుపాయంమీద నిలిచి ఉంది: సీసాలో బిగించిన వైన్ సముద్రాలు దాటగలదు, ఏళ్ల తరబడి ఆగగలదు. చెట్టునుంచి దించిన కల్లుకు ఆ శక్తి లేదు. తాటి, ఈత, జీలుగు, కొబ్బరి చెట్లను గీసినప్పుడు ఊరే రసంలో నూటికి 10 నుంచి 15 పాళ్ల వరకు చక్కెర ఉంటుంది. గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు అనే సూక్ష్మజీవి, దానితోపాటు కొన్ని బాక్టీరియాలు, రసం కుండలో పడిన క్షణంనుంచే ఆ చక్కెరను పులియబెట్టడం మొదలుపెడతాయి. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పులుపు తిరిగి, మాపటికి ఘాటెక్కి, మర్నాటికి నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. అందుచేత దూరపు ఊళ్ల కల్లు కుండలు రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చడం పూర్వం సాధ్యమయ్యేది కాదు. పోల్చాలంటే తాగేవాడే ఊరు మారాలి. ఆ అవకాశం తెలుగువారిలో పెద్దఎత్తున కలిగినది రైలు ఉద్యోగులకు, అందులోనూ బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరిన ఉత్తరాంధ్రవారికి. కల్లు చరిత్ర రాసేవారు ఆ రైల్వే జంక్షనైన ఖరగ్‌పూర్‌ను పట్టించుకోవలసిన కారణం ఇదే.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. బెజవాడనుంచి కటకం దాకా తూర్పుతీరపు దారి 1893, 1896 సంవత్సరాల మధ్య దశలవారీగా పూర్తయింది. అందులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ కంపెనీ చేతికి వచ్చింది. అంతకు కొద్దికాలం ముందే మేదినీపూర్ జిల్లాలో ఎర్రమట్టి మెట్టనేలమీద ఖరగ్‌పూర్ జంక్షనూ, దానికి అనుబంధంగా పెద్ద వర్క్‌షాపూ వెలిశాయి. ఒకే కంపెనీ దారి ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్లను ఖరగ్‌పూర్‌తో కలపడంతో, 500 కిలోమీటర్లకు పైబడిన దూరంనుంచి తెలుగు కూలీలు, ఫిట్టర్లు, గ్యాంగుమెన్లు, గుమాస్తాలు అక్కడికి చేరి, రైల్వే క్వార్టర్లలోనూ, మథురాకాటి, నీంపురా, ఝపటాపూర్ వంటి పేటల్లోనూ స్థిరపడ్డారు. గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఈ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించడం, 1927లో ఖరగ్‌పూర్ సమ్మె దేశం దృష్టిలో పడడం ఈ వలసకు సంబంధించిన ప్రసిద్ధ ఘట్టాలు. కాని ఆ కార్మికులు సెలవుకు ఇంటికి వెళ్లివచ్చే దారికి ఇరుకొసలా రెండు వేర్వేరు చెట్ల సంస్కృతులు ఉన్నాయన్న సంగతి అంతగా ఎవరి దృష్టికీ రాలేదు.

దక్షిణపు కొస తాటిచెట్టుది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరపు ఇసుకనేలల్లో, పొలంగట్లమీద, చెరువుగట్లమీద తాళ్లు వరసలు కట్టి నిలబడతాయి. పువ్వు రావడమే గాని కాయ కాయని మగచెట్టును పోతుతాడనీ, కాయ కాసే ఆడచెట్టును పెంటితాడనీ పిలుస్తారు. గీత అంటే ఈ చెట్ల గెలల కొసను పదునైన కత్తితో పలచగా కోసి, కుండ కట్టి, రసం ఆరిపోకుండా రోజూ మళ్లీ మళ్లీ ఆ కొసను చెక్కడం. ఆ పనికోసం మనిషి నడుముకు మోకు, కాళ్లకు బందం వేసుకొని, రోజుకు రెండుసార్లయినా ఎత్తయిన చెట్లను అనేకం ఎక్కి దిగాలి. జారితే ప్రాణం పోవడమో నడుం విరగడమో తప్పదు కాబట్టి, తాగేవాడు రుచిని గురించి ఎన్ని మాటలు చెప్పినా ఆ రుచికి మూల్యం చెల్లించేది ఎక్కేవాడే. ఉత్తరాంధ్రలో ఈ వృత్తి యాత, శ్రీశయన కులాలవారిది. గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజలది, తెలంగాణలో గౌడులది. గీత చలికాలం చివర మొదలై ఎండాకాలంలో ముమ్మరమవుతుంది. తీరంనుంచి పడమటి కొండల్లోకి వెళితే, అరకు, పాడేరు ప్రాంతాల గిరిజనులకు జీలుగుచెట్టే ప్రధానం. 2022 దాకా ఒకే జిల్లాగా ఉన్న విశాఖ ప్రాంతంలోనే కొండకూ తీరానికీ చెట్టు మారుతుందన్నమాట.

ఉత్తరపు కొస ఈతచెట్టుది. మేదినీపూర్ పల్లెల్లో తాళ్లు లేకపోలేదు, కాని అక్కడ చెట్టు గీసే కళ పరాకాష్ఠకు చేరినది ఈతలో. బెంగాలీలు ఖేజూర్ అని పిలిచే ఆ చెట్టు తెలంగాణలో ఈతకల్లు ఇచ్చే చెట్టే, జాతి భేదం ఏమీ లేదు. దీని గీత పద్ధతి తాటికంటే పూర్తిగా వేరు. పూగెలను ముట్టుకోకుండా, మొవ్వుకు కాస్త కింద కాండాన్ని ఒక పక్క చెక్కి, గాయానికి వెదురు గొట్టం బిగించి, రాత్రంతా ఊరిన రసాన్ని తెల్లవారకముందే దించుతారు. ఈ పని చేసేవారిని అక్కడ శియులీ అంటారు. కొన్ని రాత్రులు గీసిన తరువాత చెట్టుకు విశ్రాంతి ఇస్తారు. ఆ విశ్రాంతి తరువాత మొదటి రాత్రి దొరికే రసానికి జిరేన్ అని పేరు, అన్నిటిలోకీ స్వచ్ఛమైనదిగా దానికే విలువ. వరసగా గీసిన తరువాతి రాత్రుల రసం ఆ తరగతికి రాదు. ఒకే చెట్టు రసాన్ని రాత్రిని బట్టి తరగతులు కట్టిన ఈ వివేకం, ద్రాక్షతోటల్లో ఏ వాలుమీద పండినదన్న లెక్కకు తీసిపోయేది కాదు.

రెండు కొసల మధ్య అసలు తేడా కుండ దగ్గర ఉంది. శియులీ కుండను ఎండబెట్టి, లోపల గడ్డి పొగ పట్టించి మరీ చెట్టుకు కడతాడు, ఎందుకంటే అతనికి పులుపు శత్రువు. ఆ తియ్యని రసాన్ని పొద్దున్నే వెడల్పాటి పెనాల్లో కాచి, నొలెన్ గుర్ అనే చలికాలపు కొత్త బెల్లం తీస్తారు, బెంగాలీ సందేశ్ మిఠాయికి ఆ కాలంలో వచ్చే ప్రత్యేకమైన రుచీ వాసనా దానివే. తెలుగు గీతకారుడి కుండలో నిన్నటి కల్లు మడ్డి కాస్త మిగిలే ఉంటుంది, అదే నేటి రసానికి తోడు. పాలకు తోడువేసిన తీరులోనే ఈ మడ్డి పులుపును త్వరపెట్టి, ఆ కుండకు అలవాటైన రుచిని నిలబెడుతుంది. పులవకుండా ఉండాలంటే కుండ లోపల సున్నం పూసి నీరా తీయడం ఇరుచోట్లా తెలిసినదే. కాబట్టి ఖరగ్‌పూర్‌లో ఉన్న తెలుగువాడు తెల్లవారుజాము చలిలో తాగిన ఈతరసానికీ, వేసవి సెలవులో సొంత ఊరి పాకలో తాటాకు దొన్నెతో తాగిన కల్లుకూ మధ్య కనిపెట్టిన భేదంలో, చెట్టు వంతు ఎంతో, నేల వంతు ఎంతో, కుండ వంతు ఎంతో విడదీయడం తేలిక కాదు.

ప్రభుత్వానికి ఈ భేదాలతో పని లేకపోయింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంలో, 1909 నాటి బెంగాల్ ఎక్సైజు చట్టంలో, కొబ్బరి, తాటి, ఈత మొదలైన ఏ చెట్టుదైనా, పులిసినా పులవకపోయినా, దించిన రసమంతా ఒకే పేరుకింద చేరింది. అబ్కారీ అంటే మత్తుపానీయాలమీద పన్ను వసూలు. మద్రాసు రాష్ట్రంలో అది చాలాచోట్ల చెట్టుకు ఇంతని లెక్కకట్టే చెట్టుపన్ను రూపంలో ఉండేది. పన్ను గుమాస్తా కంటికి పోతుతాడూ పెంటితాడూ ఒక్కటే.

ఆ తరువాత వచ్చిన మద్యనిషేధం రైలుదారి రెండు కొసలనూ మరింత దూరం చేసింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో ప్రారంభించిన నిషేధం చిత్తూరు, కడప జిల్లాలకు పాకి, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వ్యాపించింది. పశ్చిమ బెంగాల్‌లో అటువంటిది రాలేదు. ఫలితంగా ఖరగ్‌పూర్‌లో నేరం కానిది ఇచ్ఛాపురం చేరగానే నేరమయ్యే స్థితి ఏర్పడింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ తిన్నది గీత కుటుంబాలు. శ్రీకాకుళం జిల్లా బారువకు చెందిన సర్దార్ గౌతు లచ్చన్న ఆ కుటుంబాల పక్షాన ఉద్యమం నడిపారు. నిషేధాన్ని ఎత్తివేయాలన్న రామమూర్తి సంఘం సిఫారసును, మద్రాసునుంచి విడివడిన కొత్త ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించకపోవడంతో, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు మొదటి ప్రభుత్వం కల్లు కుండ విషయంలో కూలిందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగా మిగిలిపోవడం గీత కార్మికులకు జరిగిన అన్యాయమే.

సిరా వైన్ల విందు ఒక్క సాయంత్రంలో ముగుస్తుంది. ఈత ముమ్మరంగా ఊరేది పుష్య మాఘాల చలిలో, తాడి ముమ్మరం చైత్ర వైశాఖాల ఎండలో. రెండు ముమ్మరాలూ ఒకే వారంలో ఎదురుపడవు, అందువల్ల ఝపటాపూర్ వాసి చేసే పోలిక నెలల తరబడి సాగి, చాలావరకు నాలుక జ్ఞాపకం మీదనే ఆధారపడింది. తాటిగెలను చెక్కిన గుర్తు గెలతోపాటే ఎండి రాలిపోతుంది. ఈతచెట్టును మాత్రం ఒక ఏడు ఒక పక్కన, మరుసటి ఏడు రెండో పక్కన గీస్తారు కాబట్టి, కాండం పొడవునా వంకరటింకరగా గంట్లు మిగులుతాయి. మేదినీపూర్ పొలాల్లో ముసలి ఈతచెట్టు కనబడితే, కిందినుంచి పైకి ఆ గంట్లను లెక్కపెట్టి, అది ఎన్ని చలికాలాలు రసం ఇచ్చిందో ఇప్పటికీ చెప్పవచ్చు.