పొయ్యి నుంచి ప్యానెల్ దాకా: హిమాయత్ సాగర్ ఒడ్డు మనకు చెప్పే చరిత్ర



తండాలకు కూడా సోలార్ ముచ్చట వచ్చేసింది. ఇంటి మీద ప్యానెల్ పెట్టుకుంటే సబ్సిడీ వస్తదట, పొలంలో సోలార్ మోటరు ఇస్తరట అని అందరూ అడుగుతున్నరు. సంతకం పెట్టే ముందు ఒక పాత కథ చదువుదాం. ఇది పొయ్యి కథ. చేవెళ్ల, మొయినాబాద్‌ల పక్కనున్న హిమాయత్ సాగర్‌తో ముడిపడ్డ కథ. మన అమ్మమ్మల వంటింట్ల పొగ పోగొడతనని డెబ్బై ఏండ్ల కింద బయల్దేరిన ఆ పొయ్యి ఇవాళ మన ఇండ్లల్ల లేదు. ఎందుకు లేదో తెలిస్తే, ప్యానెల్ గురించి మనం ఏం అడగాలో తెలుస్తది.

రెండు చెరువులు, 84 ఊర్లు

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. వేల మంది చనిపోయిన్రు. మళ్లీ అట్ల కాకుండా ఏం చెయ్యాలో చెప్పమని నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్ సాగర్ (మనం గండిపేట అంటం) 1920లో, ఈసీ నదికి అడ్డంగా హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినయ్. వరద ఆగింది, పట్నానికి తాగునీళ్లు కూడా దొరికినయ్.

ఆ నీళ్లు పాడుకావద్దని 1996 మార్చి 8న జీవో 111 తెచ్చిన్రు. చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిల 84 ఊర్లకు అది వర్తించింది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్, షాబాద్ దిక్కు ఊర్లు అందులో ఉన్నయ్. కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నరు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలించిన్రు. ఇది మంచిదా చెడ్డదా అన్నది వేరే పోస్టు. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. వంద ఏండ్ల నుంచి ఈ దిక్కు నుంచి పట్నానికి నీళ్లు పోతున్నయ్, కూరగాయలు పోతున్నయ్, పూలు పోతున్నయ్. పట్నం నుంచి ఇటు, మన వంటింటి దాకా వచ్చిందేంది?

ఇంజినీర్లు చేసిన పొయ్యి

నిజాం కాలం చివర్ల హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్ అనే సంస్థ పెట్టిన్రు. దాని వారసత్వంగా నడిచే సర్కారు లాబొరేటరీ ఇవాళ్టికీ హిమాయత్ సాగర్ దగ్గరే ఉంది. డ్యాములు, కాలువల నమూనాలు కట్టి నీటి పారకం చూసుడు, మట్టి, కాంక్రీటు పరీక్షించుడు వాళ్ల పని. అసొంటి చోట డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఇంజినీరు కట్టెల పొయ్యి మీద పరిశోధన చేసిండు. 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అని పుస్తకం వేసిండు. ఆ పొయ్యికి లాబొరేటరీ పేరులోని పొడి అక్షరాలతో ‘హెర్ల్ చూలా’ అని పేరొచ్చింది. ప్రపంచంల మెరుగైన పొయ్యిల చరిత్ర ఎవరు రాసినా దీని పేరు రాస్తరు.

పని చేసే తీరు చాలా సులువు. మట్టితో కట్టిన పొయ్యి. మంట ఒక్క దగ్గరే పెడతరు. ఆ వేడి లోపలి సొరంగం నుంచి రెండో కుండ కిందికి, అక్కడి నుంచి మూడో దాని కిందికి పోతది. మిగిలిన పొగ గొట్టం నుంచి ఇంటి బయటికి పోతది. మామూలు పొయ్యిల చుట్టుపక్కల గాలిలో కలిసిపోయే వేడిని ఇక్కడ మళ్లీ మళ్లీ వాడుకుంటరు. కట్టె తక్కువ పడతది, కండ్లు మండవు. సిమెంటు, ఇనుము పెద్దగా అక్కర లేదు, ఊర్ల మట్టే చాలు.

పొగ చిన్న విషయం కాదు. ఇంట్ల కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్ కాల్చిన పొగతో 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయిన్రని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొయ్యి ముంగట కూసునే యాడి, ఆమె ఒళ్లో ఉన్న పసిపోరడు ఆ పొగ ఎక్కువ పీలుస్తరు. డ్యాములు కట్టే ఇంజినీరు వంటింటిని కూడా ఇంజినీరింగ్ సమస్యగానే చూసిండు, అందుకే రాజు గారిని మనం గుర్తుపెట్టుకోవాలె.

మరి ఎందుకు నిలబడలేదు?

పొగలేని పొయ్యి ఆలోచనను తర్వాత కేంద్ర సర్కారు ఎత్తుకున్నది. 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలైంది. 2002లో ఆపేసే నాటికి దేశం మొత్తం మీద సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు పంచినట్టు లెక్క చూపించిన్రు. లెక్కల ఉన్నన్ని ఇండ్లల్ల నడవలేదు. కారణాలు మూడు.

ఒకటి, పొగగొట్టం. మసి పేరుకుంటే దాన్ని దులపాలె. పగిలితే మార్చాలె. దులపాలని చాలా మందికి ఎవరూ చెప్పలేదు, మార్చేటందుకు కొత్త గొట్టం ఊర్ల దొరకలేదు. గొట్టం మూసుకపోతే పొగ మళ్లీ ఇంట్లకే. అప్పుడు ఆ పొయ్యి పగలగొట్టి మూడు రాళ్లు పెట్టుకున్నరు.

రెండు, వంట. పొయ్యికి రంధ్రాలు ఒక కొలతతో ఉంటయ్. ఇంట్ల గిన్నెలు వేరే కొలత. మన దిక్కు జొన్నరొట్టె కాల్చాలంటే పెద్ద పెంక కావాలె, మంట ఎక్కువ తక్కువ చేసుకోవాలె. ఏం వండుతవమ్మా అని అడగకుండ చేసిన పొయ్యి, ఎంత మంచిదైనా ఆ ఇంటిది కాదు.

మూడు, లెక్క. ఎన్ని కట్టినం అన్నదే టార్గెట్. ఏడాది తర్వాత ఎన్ని వెలుగుతున్నయ్ అన్నది కాదు. సబ్సిడీ రాగానే కట్టినోడి పని అయిపోయినట్టే.

ఇదే కాలంల చైనా కూడా పొయ్యిల కార్యక్రమం పెట్టింది. పదేండ్లల్ల సుమారు 13 కోట్ల పొయ్యిలు పెట్టిన్రు, చాలా వరకు నిలబడినయ్. అక్కడ సర్కారు ఇచ్చిన పైసలు తక్కువ, ఖర్చుల ఎక్కువ భాగం ఇంటోళ్లే పెట్టుకున్నరు. కానీ స్థానికంగా ఆఫీసులు పెట్టి, కట్టేటోళ్లకు, బాగుచేసేటోళ్లకు శిక్షణ ఇచ్చిన్రు. సబ్సిడీ పెద్దదైతేనే పని నిలబడుతదని చెప్పలేం అన్నమాట.

గోబర్ గ్యాస్, సిలిండర్

1981-82లో జాతీయ బయోగ్యాస్ కార్యక్రమం వచ్చింది. 1984లో దీనబంధు అనే చవక నమూనా వచ్చింది. గ్యాస్ వంటకు, మిగిలిన మడ్డి పొలానికి. ఇంతకంటే మంచిది ఇంకోటి లేదు అనిపిస్తది. కానీ రెండు ఘనపు మీటర్ల ప్లాంటు నడవాలంటే రోజుకు సుమారు 50 కిలోల పేడ, దానికి సమానంగా నీళ్లు కావాలె. అంటే నాలుగైదు పశువులు, పక్కన జాగ, నీళ్లు ఉన్న ఇల్లు. కూలికి పోయే ఇంటికి, మేకలే ఉన్న ఇంటికి అది అందలేదు. ఒకప్పుడు వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసిన మన జాతిల కూడా పశువులు తగ్గిపోయినయ్.

తర్వాత సిలిండర్. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల, 2024ల తెలంగాణల 500 రూపాయల సిలిండర్. పొగ తగ్గించినదాంట్ల ఇదే ముందు. ఎందుకు? చెడిపోతే మార్చే దుకాణం ఉంది, మంట మన చేతుల ఉంది. కానీ పైసలు లేని నెల మళ్లీ కట్టెలే. అందుకే చాలా ఇండ్లల్ల సిలిండర్ లోపల, మూడు రాళ్ల పొయ్యి వాకిట్ల, రెండూ ఉంటయ్.

ఇప్పుడు ప్యానెల్

2024 ఫిబ్రవరిల పీఎం సూర్యఘర్ వచ్చింది. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన 78 వేల సబ్సిడీ. పోడు పట్టా ఉన్న గిరిజన రైతులకు సోలార్ మోటర్లు ఇస్తమని 2025 మేలో రాష్ట్ర సర్కారు నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంల ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది. మంచిదే. వద్దనేటందుకు నేను ఇది రాయట్లేదు. ప్యానెల్ పొగ ఇడవదు, మురుగు ఇడవదు, చెరువుల పక్క ఊర్లకు ఇంతకంటే సరైన కరెంటు లేదు. కానీ పొయ్యి కథ తెలిసినోళ్లం కాబట్టి కొన్ని సంగతులు ముందే చూసుకోవాలె.

ఒక కిలోవాట్ ప్యానెల్‌కు సుమారు 100 చదరపు అడుగుల గట్టి, నీడ పడని కప్పు కావాలె. రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తది. రేకుల ఇంటికి ఎట్ల బిగిస్తరు, గాలివానకు ఆగుతదా అని అడగండి.

బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే మామూలు సోలార్, కరెంటు పోతే అదీ ఆగిపోతది. లైన్ మీద పని చేసే మనిషికి షాక్ కొట్టొద్దని అట్ల చేస్తరు. ఈ ముక్క చాలా మంది ముందు చెప్పరు.

200 యూనిట్ల లోపు వాడి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇంటికి, ప్యానెల్‌తో బిల్లుల మిగిలేదేం లేదు. మరి అప్పు చేసి పెట్టుకుంటే లాభం ఎట్ల? మిగిలిన కరెంటుకు డబ్బులు ఎంత, ఎప్పుడు ఇస్తరు? కాయితం మీద రాయించుకోండి.

ప్యానెల్ 25 ఏండ్లు వస్తది. ఇన్వర్టర్ అన్ని ఏండ్లు రాదు, నడుమ మార్చాలె. ప్యానెల్ మీద దుమ్ము తుడవాలె. పాత పొయ్యికి మసి ఎట్లనో దీనికి దుమ్ము అట్ల. అప్పటి పొగగొట్టం జాగల ఇప్పుడు ఇన్వర్టర్ ఉంది.

కాబట్టి అసలు ప్రశ్న, చెడిపోతే ఎవరు బాగుచేస్తరు? పట్నం నుంచి మెకానిక్ రావాలంటే ఆ కథ మళ్లీ మొదటికే. మన తండాలో మనోడే, మన చెల్లెనే ఉండాలె. ఐటీఐ, డిప్లొమా చేసినోళ్లకు కేంద్రం 2015 నుంచి సూర్యమిత్ర అని 600 గంటల శిక్షణ ఇస్తున్నది. చదువు రానోళ్లు నేర్వలేరని అనుకోవద్దు. రాజస్థాన్‌ల తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ, బడికి పోని పల్లెటూరి ఆడోళ్లకు, నాయనమ్మలకు కూడా సోలార్ దీపాలు బిగించుడు, బాగుచేసుడు నేర్పింది. వేరే దేశాల నుంచి వచ్చి నేర్చుకొని పోయినోళ్లు కూడా ఉన్నరు.

2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు ఎన్నో పంచాయతీలైనయ్. సర్పంచ్ మనోడే, గ్రామసభ మనదే. పథకం తండాకు వచ్చిన రోజు మూడు మాటలు తీర్మానంల రాయించండి: తండా నుంచి ఇద్దరికి శిక్షణ, అందులో ఒకరు ఆడపిల్ల. ఐదేండ్ల మెయింటెనెన్స్ ఎవరిదో పేరుతో సహా. ఏడాది తర్వాత ఎన్ని నడుస్తున్నయో గ్రామసభల లెక్క.

జల్, జంగల్, జమీన్ మీద హక్కు కోసం మన పెద్దలు కొట్లాడిన్రు. ఇంటి కప్పు మీద పడే ఎండ మీద హక్కు అంటే, దాన్ని కరెంటు చేసే మిషన్ మన చేతికి అర్థమయ్యుడు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు యాడిని అడగండి: పొగలేని పొయ్యి, గోబర్ గ్యాస్ మన తండాకు వచ్చినయా, ఎన్నేండ్లు నడిచినయ్, ఎందుకు ఆగినయ్? వాళ్లు చెప్పింది రాసుకొని గ్రూపుల పెట్టండి. ఈ చరిత్ర సర్కారు రిపోర్టుల కంటే వాళ్ల దగ్గరే ఎక్కువ ఉంది.