పండగ ఇవాళా, రేపా?

2024 దీపావళి గుర్తుంది కదా. అక్టోబరు 31 అని కొందరు, నవంబరు 1 అని కొందరు. మన రెండు రాష్ట్రాల్లోనూ 31నే సెలవిచ్చారు. ఉత్తరాదిన కొన్ని ఊళ్ళల్లో ఒకటో తారీఖున చేసుకున్నారు. ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "ఈ పంతుళ్ళు ఒక్క మాట మీద ఉండి చావరు" అని ఒకాయన, "దేశమంతటికీ ఒకే రోజు పెట్టేస్తే పోలా?" అని ఇంకొకాయన. అమెరికాలో ఉన్న మనవాళ్ళ పద్ధతి ఇంకా తేలిక: ఇంటికి ఫోన్ చేసి అమ్మ ఏ రోజంటే ఆ రోజు.

ఈ తగువుని మూఢనమ్మకం కింద కొట్టిపారేసేవాళ్ళతోనూ, శాస్త్రం అంటే శాస్త్రమే అని గుడ్లురిమేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఇందులో కొంత నిజంగానే లెక్క తప్పు. కొంత అసలు తప్పే కాదు. రెండిటినీ కలిపి తిట్టుకుంటున్నాం, అదీ సమస్య.

ముందు తిథి సంగతి. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. మొత్తం 360 డిగ్రీలకి 30 తిథులు. అంతే. ఇది ఆకాశంలో జరిగే పని కాబట్టి తిథి మారే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. కానీ పండగకి తిథి ఒక్కటే చాలదు. ఆ తిథి ఫలానా వేళకి ఉండాలి అని ఇంకో షరతుంటుంది. ఉగాదికి సూర్యోదయం, వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం అంటే పొద్దుగూకిన తరవాతి వేళ, శివరాత్రికి అర్ధరాత్రి. ఈ వేళలన్నీ మనం నిలబడ్డ నేలకి సంబంధించినవి. చిక్కంతా ఇక్కడే.

2024లో అమావాస్య మన టైము ప్రకారం అక్టోబరు 31 మధ్యాహ్నం 3:52కి మొదలై నవంబరు 1 సాయంత్రం 6:16కి అయిపోయింది. హైదరాబాదులో అప్పుడు పొద్దుగూకేది సుమారు పావుతక్కువ ఆరుకి. అంటే 31 సాయంత్రం అమావాస్య ఉంది, ఒకటో తారీఖు సాయంత్రం కూడా ఓ అరగంట ఉంది. రెండు రోజులూ షరతుని తాకాయి. అలా తాకితే రెండో రోజు తీసుకోమనే మాట ఉంది, రాత్రంతా అమావాస్య ఉన్న రోజే తీసుకోవాలనే వాదనా ఉంది. అందుకే కొట్టుకున్నారు.

ఇప్పుడు అదే అమావాస్యని న్యూయార్కుకి పట్టుకెళ్ళండి. అక్కడ 31 పొద్దున్న 6:22కి మొదలై, మర్నాడు పొద్దున్న 8:46కి ముగిసింది. సాయంత్రం ఒక్కటే, 31. తగువే లేదు. సిడ్నీలోనో? 31 రాత్రి 9:22 దాకా మొదలవ్వలేదు, సూర్యుడు ఏడూ ఇరవైకే అస్తమించాడు. మర్నాడు సాయంత్రమంతా అమావాస్యే. కాబట్టి నవంబరు 1. సిడ్నీలో ఉన్నవాడు అమ్మ మాట విని 31 సాయంత్రం దీపాలు పెడితే చతుర్దశి నాడు పెట్టినట్టు. టైమ్ జోన్లతో రోజూ కుస్తీ పట్టే మనవాళ్ళే పంచాంగం దగ్గరకొచ్చేసరికి హైదరాబాదు టైముని హార్డ్‌కోడ్ చేసేస్తారు :-)

షరతుల గురించి మన పూర్వీకులు చేసిన కసరత్తు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి చతుర్వర్గ చింతామణిలో వ్రతాలన్నిటినీ పోగేశాడు. తరవాతి శతాబ్దంలో విజయనగరం నుంచి కాలమాధవం వచ్చింది. కాశీలో కమలాకర భట్టు 1612లో నిర్ణయసింధు పూర్తి చేశాడు. 1790 ప్రాంతంలో కాశీనాథ ఉపాధ్యాయుడి ధర్మసింధు. మన పురోహితులు ఇప్పటికీ ముఖ్యంగా ఈ చివరి రెండే తిరగేస్తారు. తిథి ఒక రోజే ఆ వేళని తాకితే ఏం చెయ్యాలి, రెండు రోజులూ తాకితే, ఏ రోజూ తాకకపోతే, ఒక రోజు ఎక్కువ తాకితే... ఎడ్జ్ కేసులన్నీ రాసి పెట్టారు. కాకపోతే రాసినవాళ్ళు చాలామంది, పైగా వాళ్ళలో వాళ్ళకి పడదు. స్పెక్ రాసే కమిటీలు ఎప్పుడూ అంతేగా.

ఏకాదశి ఉపవాసం దీనికి మంచి ఉదాహరణ. స్మార్తులకి సూర్యోదయానికి దశమి ఉందా లేదా అన్నదే లెక్క. వైష్ణవులకి అంతకి నాలుగు ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు, అరుణోదయానికే దశమి వాసన ఉండకూడదు. ఉంటే ఉపవాసం మర్నాటికి పోతుంది. రెండూ వేర్వేరు నిబంధనలు, ఏదీ లెక్క తప్పు కాదు. కేలండర్లో "స్మార్త ఏకాదశి", "వైష్ణవ ఏకాదశి" అని పక్కపక్క రోజుల్లో కనపడేది ఇందుకే. ముక్కోటి ఏకాదశిది ఇంకో తమాషా. దానికి సౌరమానపు ధనుర్మాసం కావాలి, చాంద్రమానపు శుద్ధ ఏకాదశీ కావాలి. ఈ రెండూ కలిసే రోజు ఇంగ్లీషు సంవత్సరంతో పొంతన లేకుండా తిరుగుతుంది. 2024 మొత్తంలో ముక్కోటి ఏకాదశే లేదు, 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న ఇంకోటి.

ఇంతవరకూ తప్పెవరిదీ కాదు. ఇక నిజమైన బగ్ దగ్గరికి వద్దాం.

పాత పంచాంగకర్తలకి "బాణవృద్ధి, రసక్షయం" అని ఒక సూత్రం ఉంది. బాణాలంటే 5, రసాలంటే 6. మామూలుగా 60 ఘడియలుండే తిథి మహా పెరిగితే 5 పెరిగి 65 అవుతుంది, తగ్గితే 6 తగ్గి 54 అవుతుంది అని. మన గంటల్లో 26 నుంచి 21:36 దాకా. ఆకాశంలో జరిగేది మాత్రం ఇంకా విడ్డూరం: తిథి 20 గంటలకి తగ్గగలదు, 26 గంటల 48 నిమిషాలకి పెరగగలదు. సూత్రంలో పట్టని తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

చంద్రుడు తన సగటు స్థానం నుంచి ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు. సూర్యసిద్ధాంతం ఈ ఊగుడు గరిష్ఠంగా సుమారు 5 డిగ్రీలు అంది. నిజానికి కక్ష్య దీర్ఘవృత్తం కావటం వల్ల వచ్చేదే 6.3 డిగ్రీలు. దీని మీద సూర్యుడి ఆకర్షణ వల్ల వచ్చే మరో 1.3 డిగ్రీల సవరణ ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఈ రెండోది మొదటిదాన్నుంచి తీసివెయ్యాలి: 6.3 లోంచి 1.3 పోతే 5. అష్టమి దగ్గర కలపాలి: 7.6. చూశారా? పూర్వం లెక్క సరిచూసుకునే సాధనం గ్రహణం. గ్రహణాలు అమావాస్య పౌర్ణములకే వస్తాయి. అక్కడ 5 సరిగ్గా సరిపోతుంది. టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి! అష్టమి నాడు మాత్రం రెండున్నర డిగ్రీలు తప్పు. చంద్రుడు సూర్యుడి నుంచి గంటకి అర డిగ్రీ చొప్పున జరుగుతాడు కాబట్టి అయిదు గంటల తేడా. ఏకాదశికి కూడా నాలుగైదు గంటలు తప్పే అవకాశం ఉంది.

ఇది చిన్న విషయం కాదు. మా నాయనమ్మ లాంటి వాళ్ళు ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి, ద్వాదశి వెళ్ళేలోపు పారణ చెయ్యాలని గడియారం చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఆవిడ చేతిలో ఉన్న పుస్తకంలో ద్వాదశి ఘడియలే తప్పయితే?

ఈ తప్పుని మనవాళ్ళు ఎవరూ పట్టుకోలేదని కాదు. 10వ శతాబ్దంలోనే మంజులుడు లఘుమానసంలో ఈ రెండో సవరణ ఇచ్చాడు, కానీ వాడుకలో స్థిరపడలేదు. ఒడిశాలో సామంత చంద్రశేఖరుడు (1835-1904) టెలిస్కోపు లేకుండా, వెదురుతో చేసిన పరికరాలతో రాత్రులు కొలిచి కొలిచి ఒకటి కాదు మూడు సవరణలు పట్టుకున్నాడు. వాటికి తుంగాంతరం, పాక్షికం, దిగంశం అని పేర్లు పెట్టాడు. ఆయన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. పూరీ జగన్నాథుడి సేవల లెక్క ఆ పద్ధతికి మారింది. మద్రాసులో చింతామణి రఘునాథాచారి సర్కారు వేధశాల ఉద్యోగి. 1867లో ఒక చరకాంతి తారని కనిపెట్టినవాడు. పగలు పంచాంగం, రాత్రి టెలిస్కోపు చూసినవాడికి తేడా కనపడక ఛస్తుందా? ఆయన దృగ్గణిత పంచాంగం వెయ్యటం మొదలుపెట్టాడు. సంప్రదాయం పేరుతో ఎదురుతిరిగినవాళ్ళు ఎదురుతిరిగారు. మన దగ్గర ఇప్పటికీ "పూర్వపద్ధతి", "దృక్సిద్ధాంతం" అని రెండు రకాల పంచాంగాలు అమ్ముడవుతున్నాయి. దృక్ అంటే కంటికి కనపడేదానితో సరిపోయేది. సరిపోని లెక్కని సంప్రదాయం పేరుతో మోయటం నాకు సమ్మతం కాదు. సిద్ధాంతకర్తలే ఎప్పటికప్పుడు బీజసంస్కారాలు చేసుకోమన్నారు కదా.

స్వతంత్రం వచ్చాక దేశంలో ముప్ఫై రకాల కేలండర్లున్నాయని 1952లో ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు మేఘనాథ్ సాహా, కార్యదర్శి ఎన్.సి. లాహిరి. 1955లో నివేదిక వచ్చింది. సాహా బాధ ఇంకా పెద్దది. సూర్యసిద్ధాంతపు సంవత్సరం ఋతువుల సంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలు పేరుకుని, ఉత్తరాయణం డిసెంబరు 22నే వచ్చేస్తుంటే మనం సంక్రాంతి జనవరి 14న చేస్తున్నాం. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న పడింది, ఇప్పుడు 15కి కూడా వస్తోంది. పండగల్ని ఋతువులకి కట్టెయ్యాలని సాహాకి ఉన్నా, అంత మార్పుని జనం ఒప్పుకోరని కమిటీకి తెలుసు. ఋతువులకి కట్టింది సర్కారు శక కేలండర్నే. అది 1957 మార్చి 22న అమల్లోకొచ్చింది. చూడటానికి సాహా లేడు, 1956 ఫిబ్రవరిలోనే పోయాడు. ఆ కేలండరు గెజెట్లకీ ఆకాశవాణికీ పరిమితమైపోయింది, దాని ప్రకారం పుట్టినరోజు చేసుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

దాంతో పాటు మొదలైన రాష్ట్రీయ పంచాంగం మాత్రం పనికొచ్చింది. దృక్ పద్ధతిలో లెక్కగట్టి తెలుగుతో సహా అనేక భాషల్లో వేస్తున్నారు. దాని లెక్క 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీది ఒక కేంద్రస్థానానికి. "దేశమంతా ఒకటే రోజు" అనేవారి కోరిక తీరే దారి అదొక్కటే. కానీ ద్వారకకీ డిబ్రూగఢ్‌కీ సూర్యోదయంలో గంటన్నర పైనే తేడా ఉంది. అరుణోదయానికి దశమి ఉందో లేదో చూసుకునేవాళ్ళకి ఆ గంటన్నర చాలా ఎక్కువ. సెలవు దినం ఒకటే ఉంటే మంచిదే, ఉపవాసం మాత్రం ఊరిని బట్టే.

కాబట్టి ఈసారి పంచాంగం కొన్నా, యాప్ దించుకున్నా ముందు రెండు చూడండి: ఏ ఊరి సూర్యోదయానికి గణించారు, దృక్ పద్ధతా, పూర్వపద్ధతా. డాలస్‌లో ఉంటే డాలస్ పెట్టుకోండి. అమ్మ చెప్పిన తేదీకి, మీ యాప్ తేదీకి ఒకరోజు తేడా వస్తే కంగారు పడొద్దు, చాలాసార్లు ఇద్దరిదీ కరెక్టే.