హాస్య ధారావాహికల్లో అవివాహిత స్త్రీ: ‘అమృతం’ నేపథ్యంగా ఒక పరిశీలన

హాస్య ధారావాహికల్లో సమర్థురాలైన అవివాహితకు ప్రేమ ఏ స్థానంలో ఉందన్నది స్త్రీపాత్రల చరిత్రలో కీలకమైన ప్రశ్న. అమెరికాలో 1952-56 మధ్య ప్రసారమైన ‘అవర్ మిస్ బ్రూక్స్’లో నాయిక ఉన్నత పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయిని. మాటకారితనంలో ఆమెకు సాటి లేదు. అయినా నవ్వు చాలావరకు సహోపాధ్యాయుడు బాయింటన్‌పై ఆమెకున్న తీరని ఆశ నుండే పుడుతుంది. ఆ ప్రేమ 1956లో వచ్చిన చలనచిత్రంలో గాని ఫలించలేదు.

1970-77 నాటి ‘మేరీ టైలర్ మూర్ షో’ ఈ క్రమాన్ని తిరగవేసింది. ముప్పయ్యేళ్ళ మేరీ కథ ఒక ప్రేమబంధం తెగిపోయిన చోట మొదలై, టీవీ వార్తా విభాగంలో ఉద్యోగంతో సాగి, పెళ్ళితో కాక సహోద్యోగుల వీడ్కోలుతో ముగుస్తుంది. ప్రేమ ఆమె జీవితంలో ఒక భాగమే గాని గమ్యం కాదు.

తెలుగులో 2001-07 మధ్య జెమిని టీవీలో ప్రసారమైన గుణ్ణం గంగరాజు ‘అమృతం’ అత్యంత ఆదరణ పొందిన హాస్య ధారావాహిక. ఇందులో అమృతరావు, ఆంజనేయులు పన్నే పథకాల వైఫల్యమే హాస్యానికి మూలం. స్త్రీ ఆశ ఇక్కడ నవ్వులపాలు కాదు. ఇది గుర్తించదగిన మేలు. కాని ప్రధాన స్త్రీపాత్రలైన సంజీవని, శాంత ఇద్దరూ ఇల్లాళ్ళే. కథ మొదలయ్యేనాటికే వారికి జీవిత భాగస్వామి ఎంపిక ముగిసిపోయింది.

కనుక నాయికకు పెళ్ళయిందా లేదా అని లెక్కించడంతో పరిశోధన ఆగరాదు. నవ్వు ఎవరి మీద పడుతోంది, ఎంపిక ఎవరి చేతిలో ఉంది అన్న రెండు ప్రశ్నలనూ కలిపి అడగాలి. ‘అమృతం’ మొదటి ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానమిచ్చింది. రెండవదానికి తావే కల్పించలేదు.