ఎస్పోజితో యను నింటిపేరు

ఇటలీదేశమున, ముఖ్యముగా నేపుల్సు ప్రాంతమున, ఎస్పోజితో యను నింటిపేరు మిక్కిలి వ్యాప్తము. అది గలవారెల్ల నేకవంశజులని తలంచుట పొరపాటు. లాటినుభాషలోని 'ఎక్స్‌పోసితుస్' శబ్దమే దీనికి మూలము. 'వెలుపల నుంచఁబడినవాఁడు' అని యర్థము. తలిదండ్రులు విడిచిన శిశువుల కీపేరు పెట్టుచుండిరి.

నేపుల్సులోని అనున్సియాతా శిశుశాలగోడలో నొక తిరుగుడుచక్ర ముండెను. బయటివారు బిడ్డను దానియం దుంచి త్రిప్పఁగా లోపలివారు గ్రహించెడివారు. ఒకరి మొగ మొకరికిఁ గానరాదు. ఆ చక్రము 1875లో మూయఁబడినది. పేరు నిలిచినది.

తక్కిన నగరముల యాచారము వేఱు. ఫ్లారెన్సులో 1445లోఁ దెఱవఁబడిన శిశుశాలనుబట్టి 'ఇన్నొచెంతి', అనఁగా నిర్దోషులు, అనియు, మిలానులో వైద్యశాలాచిహ్నమగు పావురమునుబట్టి 'కొలొంబో' యనియుఁ బేళ్లిడిరి. కొలొంబోలందఱు నట్టివారు కారు. అది పూర్వమే పురుషనామము. ఇవి యాశ్రయమిచ్చిన యింటిని దెలుపును. ఎస్పోజితో విడుపునే తెలుపును.

మనుస్మృతిలోని 'అపవిద్ధ' శబ్దమును నిట్టి క్తాంతమే. కాని యది విడువఁబడినవానిఁ జేకొన్న తండ్రికిఁ బుత్రునిఁగా నిర్ణయించు సంజ్ఞ. వాని మనుమల నంటదు. ఎస్పోజితో యన్ననో, ఎన్నఁడును విడువఁబడని మనుమలకును సంక్రమించినది. వారిలో వంశమూలము వెదకువాఁడు తండ్రిపేరు లేని శిశుశాలాపుస్తకముకడ నాఁగవలసినదే.