అక్కరలేని కాల్స్, మెసేజ్‌లు ఆపడం ఎలా? - విశాఖ జిల్లా రైతులకు సూచనలు

పూలు కోసే వేళో, మందు కొట్టే వేళో ఫోన్ మోగుతుంది. చేతులు తుడుచుకుని ఎత్తితే "సార్, లోన్ కావాలా?" అంటారు. కాసేపటికి మరొకరు "ప్లాటు చూపిస్తాం రండి" అంటారు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి వైపు రైతులకు ఇది తెలిసిన బాధే. విసుగొచ్చి కొత్త నంబర్లు ఎత్తడం మానేస్తే, పూలు కొనే వ్యాపారి కాలో, లోడు ఎత్తడానికి వచ్చే వ్యాన్ డ్రైవరు కాలో తప్పిపోతుంది. కాబట్టి అక్కరలేనివి ఆపాలి, కావలసినవి రావాలి. ఈ రెండూ కుదిరే పద్ధతి కింద ఇస్తున్నాం.

మొదటి పని: 1909కి చెప్పండి

ప్రచార కాల్స్, మెసేజ్‌లు వద్దని నమోదు చేసుకునే నంబరు 1909. దీన్నే డీఎన్‌డీ అంటారు. ఏ కంపెనీ సిమ్ అయినా, కీప్యాడ్ ఫోన్ అయినా ఇదే నంబరు.

1. మెసేజ్‌లో ఇంగ్లీషులో "స్టార్ట్" అని టైపు చేసి, కొంచెం ఖాళీ వదిలి 0 (సున్నా) వేసి 1909కి పంపండి. లేదా 1909కి ఫోన్ చేసి చెప్పండి.
2. ఖరారైనట్లు మెసేజ్ వస్తుంది. పూర్తిగా అమలు కావడానికి కొద్ది రోజులు పట్టవచ్చు.
3. అన్నీ వద్దనుకోకుండా రియల్ ఎస్టేట్, బ్యాంకు రుణాలు వంటి కొన్ని రకాలే ఆపాలన్నా 1909కి ఫోన్ చేసి చెప్పవచ్చు.
4. ఇంట్లో రెండు సిమ్‌లుంటే రెండింటి నుంచీ విడివిడిగా పంపాలి.

డీఎన్‌డీ పెడితే బ్యాంకు లావాదేవీల మెసేజ్‌లు, ఓటీపీలు, ప్రభుత్వ సమాచారం ఆగవు. తుపాను హెచ్చరికలు ఆగిపోతాయన్న భయం అక్కరలేదు.

ఒక జాగ్రత్త: ఫోన్ సెట్టింగ్స్‌లో "డు నాట్ డిస్టర్బ్" అని ఒక బటన్ ఉంటుంది. పేరు ఒకటే గానీ పని వేరు. అది నొక్కితే మామూలుగా అందరి కాల్స్‌కూ ఫోన్ మోగదు. వ్యాపారి ఫోన్ చేసినా తెలియదు. పొరపాటున నొక్కి ఉంటే తీసేయండి.

రెండో పని: నంబరును బ్లాక్ చేయండి

డీఎన్‌డీకి లొంగేది నమోదైన కంపెనీలే. మామూలు పది అంకెల నంబరుతో విసిగించేవారిని మీ ఫోన్‌లోనే ఆపాలి. ఫోన్ కంపెనీని బట్టి మాటలు కొద్దిగా మారవచ్చు గానీ దారి ఇదే.

*కాల్స్:* ఫోన్ యాప్‌లో ఇటీవలి కాల్స్ తెరిచి, ఆ నంబరు మీద కాసేపు వేలు పెట్టి ఉంచండి. "బ్లాక్" లేదా "రిపోర్ట్ స్పామ్" కనిపిస్తుంది. అది నొక్కండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో "కాలర్ ఐడీ అండ్ స్పామ్" ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే అనుమానపు కాల్ వచ్చినప్పుడు తెరమీద హెచ్చరిక కనిపిస్తుంది.

*మెసేజ్‌లు:* ఆ మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి, పైన మూడు చుక్కలు నొక్కి "బ్లాక్" ఎంచుకోండి.

*వాట్సాప్:* ఆ చాట్ తెరిచి మూడు చుక్కలు నొక్కి, "మోర్"లోకి వెళ్లి "బ్లాక్" లేదా "రిపోర్ట్" నొక్కండి. సెట్టింగ్స్, ప్రైవసీ, కాల్స్ అనే వరుసలో వెళ్లి "సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్" ఆన్ చేస్తే తెలియనివారి వాట్సాప్ కాల్స్ మోగవు. మామూలు కాల్స్‌కు ఇబ్బంది ఉండదు. ప్రైవసీలోనే "గ్రూప్స్"లో "మై కాంటాక్ట్స్" పెడితే ముక్కూ మొహం తెలియనివారు మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చలేరు.

పొరపాటున కావలసినవారిని బ్లాక్ చేస్తే కంగారు పడవద్దు. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో "బ్లాక్‌డ్ నంబర్స్" తెరిచి ఆ నంబరును తీసేస్తే సరి. మీ దగ్గర సరుకు కొనేవారి, డ్రైవర్ల, రైతు సేవా కేంద్రం సిబ్బంది నంబర్లను ముందే పేర్లతో సేవ్ చేసుకుంటే ఈ పొరపాటు జరగదు.

నంబరు చూసి గుర్తుపట్టండి

- 140తో మొదలైతే: ప్రచార కాల్.
- 1600తో మొదలైతే: బ్యాంకులు, ఆర్థిక సంస్థల సేవా కాల్స్‌కు కేటాయించిన నంబరు. అయినా సరే, ఓటీపీ మాత్రం చెప్పకూడదు.
- మామూలు పది అంకెల నంబరు నుంచి "బ్యాంకు మేనేజర్ని" అంటే: నమ్మవద్దు. పెట్టేసి మీ బ్రాంచికి వెళ్లి అడగండి.
- మెసేజ్ పంపినవారి పేరు చివర అడ్డగీత, ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం.

బ్లాక్‌తో ఆగనివి: మోసపు కాల్స్

మోసగాడి నంబరు ఒకటి బ్లాక్ చేస్తే మరో నంబరుతో వస్తాడు. అక్కడ కాపాడేది బటన్ కాదు, మీ జాగ్రత్తే.

మాట్లాడేది మన యాసలోనే గదా అని నమ్మవద్దు. 2024 మే నెలలో విశాఖ నగర పోలీసులు ఒక ముఠా గుట్టు బయటపెట్టారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెట్టి, డబ్బు తీసుకుని, మన ప్రాంతపు యువకులను కంబోడియాకు పంపారు. అక్కడ వారిని నిర్బంధించి మన దేశంలోని వారినే ఆన్‌లైన్‌లో మోసం చేసే పని చేయించారు. వారిలో కొందరు అదే నెలలో ఇంటికి తిరిగి రాగలిగారు. అంటే అవతల తెలుగు వినిపించినంత మాత్రాన మనవాడని, మంచివాడని అర్థం కాదు. ఇంట్లో పిల్లలకు విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామని ఫోన్ వచ్చినా ఈ సంగతి గుర్తుంచుకోండి.

రైతులు ముఖ్యంగా చూసుకోవలసినవి:

1. పీఎం కిసాన్ పేరుతో లింకు లేదా ఏపీకే ఫైలు. "కేవైసీ చేయకపోతే రూ.2,000 ఆగిపోతుంది" అని వాట్సాప్‌లో ఫైలు పంపుతారు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా తెరవవద్దు, వారి ఫోన్ కూడా మోసగాళ్ల చేతిలో ఉండవచ్చు. కేవైసీ మీసేవ లేదా సీఎస్‌సీ కేంద్రంలో వేలిముద్రతో చేయించుకోవచ్చు.
2. అన్నదాత సుఖీభవ డబ్బు వేస్తామంటూ ఓటీపీ అడగడం. డబ్బు మీ ఖాతాలో పడటానికి ఎవరికీ ఓటీపీ చెప్పనక్కరలేదు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, తీసుకోవడానికి కాదు.
3. "రెండు గంటల్లో మీ నంబరు కట్ అవుతుంది, 9 నొక్కండి." టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలా ఎవరికీ ఫోన్ చేయదు. పెట్టేయండి.
4. "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం." చట్టంలో అలాంటి అరెస్టే లేదు. పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ చేసినా భయపడవద్దు.
5. స్టార్ 401 స్టార్ నొక్కి ఫలానా నంబరు కొట్టమనడం. అలా కొడితే మీ కాల్స్ వాళ్లకు మళ్లిపోవచ్చు. అనుమానం ఉంటే ##002# కొట్టి డయల్ చేయండి. కాల్ మళ్లింపులన్నీ రద్దవుతాయి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

*డబ్బు పోకపోతే:* ప్రచార కాల్ లేదా మెసేజ్ వచ్చిన 7 రోజుల్లోపు 1909కి లేదా ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. నమోదు కాని నంబర్ల మీదైతే మీరు డీఎన్‌డీ పెట్టుకోకపోయినా ఫిర్యాదు తీసుకుంటారు. మోసపు ప్రయత్నమైతే సంచార్ సాథీ యాప్‌లో "చక్షు" విభాగంలో తెలపండి. బ్లాక్ చేస్తే మీకొక్కరికే ఊరట, ఫిర్యాదు చేస్తే ఆ నంబరునే తీసేయించే వీలుంటుంది.

*డబ్బు పోతే:* వెంటనే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు. డబ్బు చేతులు మారకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది. ఖాతా నంబరు, లావాదేవీ మెసేజ్, మోసగాడి నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ మెసేజ్‌లు చెరిపేయవద్దు. తర్వాత బ్యాంకుకు, పోలీస్ స్టేషన్‌కు తెలియజేయండి.

దగ్గర ఉంచుకోవలసిన నంబర్లు

- 1909 – ప్రచార కాల్స్ ఆపడానికి, వాటిపై ఫిర్యాదుకు
- 1930 – సైబర్ మోసం, డబ్బు పోయినప్పుడు
- 155261 – పీఎం కిసాన్ సందేహాలకు
- 1800-180-1551 – కిసాన్ కాల్ సెంటర్, ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, తెలుగులో ఉచితంగా

పథకం పేరుతో ఎవరైనా ఫోన్ చేస్తే వారు ఇచ్చిన నంబరుకు కాకుండా, పైనున్న నంబర్లకు మీరే చేసి అడగండి. ఫోన్ వాడకం అంతగా తెలియని పెద్దవారు ఇంట్లో ఉంటే, ఈ రోజే వారి ఫోన్‌లోనూ డీఎన్‌డీ పెట్టి, 1930 నంబరు సేవ్ చేసి ఇవ్వండి.