హిఫ్-1ను పట్టిన యాంటీబాడీలు

ఆక్సిజన్ తగ్గిందన్న కబురును కణంలోని జన్యువులకు చేరవేసే ప్రోటీన్ పేరు హైపాక్సియా ఇండ్యూసిబుల్ ఫ్యాక్టర్-1. ప్రయోగశాలల్లో అందరూ హిఫ్-1 అంటారు. ఇందులో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలున్నాయి. బీటా కణంలో ఎప్పుడూ ఉండేదే. ఆల్ఫా సంగతి వేరు. కణం దాన్ని ఎడతెగకుండా తయారుచేస్తుంది. ఆక్సిజన్ చాలినంత ఉంటే అంతే ఎడతెగకుండా ధ్వంసం చేస్తుంది. అప్పుడు దాని అణువుల్లో సగం సుమారు 5 నిమిషాల్లోనే మాయమవుతాయి. ఊపిరి అందని కణంలో మాత్రం అది నిలదొక్కుకుని, కేంద్రకంలోకి వెళ్లి, బీటాతో జతకట్టి, కొత్త రక్తనాళాలకూ ఎర్రరక్తకణాలకూ కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. ఇంత కొద్దిపాటి మోతాదులో, ఇంత కొద్దిసేపు ఉండే ప్రోటీన్‌ను కంటికి చూపిన సాధనం యాంటీబాడీ. హిఫ్ గురించి ఇవాళ తెలిసిన విషయాల్లో చాలా భాగం ఆ యాంటీబాడీలు మంచివైనంత మేరకే నిజం.

యాంటీబాడీల కథ హిఫ్-1 బయటపడటానికి సుమారు వందేళ్ల ముందే మొదలైంది. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, కితసాటో షిబసబురో కలిసి ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలను అణచే గుణం రోగనిరోధకత పొందిన జంతువుల సీరంలో ఉందని చూపారు. అప్పటికది మందు మాత్రమే. దాన్ని కొలబద్దగా మార్చినవారు న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని ఆసుపత్రిలో పనిచేసిన రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్. గినీపందుల్లో తయారైన యాంటీబాడీలతో వాళ్లు 1950ల చివర్లో రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచారు. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ రేడియోధార్మికత అవసరం లేని ఎలైసా పద్ధతిని తెచ్చారు. 1979లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి హ్యారీ టోబిన్ బృందం జెల్‌లో విడదీసిన ప్రోటీన్లను పొర మీదికి దించి యాంటీబాడీతో గుర్తించే పద్ధతిని ప్రకటించింది. వెస్టర్న్ బ్లాట్ పేరుతో నిలిచింది అదే.

వీటన్నిటికన్నా పెద్ద మలుపు 1975లో వచ్చింది. కుందేలుకో మేకకో ప్రోటీన్‌ను ఎక్కిస్తే దాని రక్తంలో వందల రకాల యాంటీబాడీల కలగాపులగం తయారవుతుంది; దాన్నే పాలీక్లోనల్ అంటారు. ఆ జంతువు చనిపోతే సరుకూ అయిపోతుంది. ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జిలో సీజర్ మిల్‌స్టైన్, జార్జ్ కోలర్ యాంటీబాడీ తయారుచేసే ఎలుక ప్లీహ కణాన్ని చావులేని క్యాన్సర్ కణంతో కలిపేశారు. ఆ సంకర కణం, అంటే క్లోన్, ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా ఇస్తుంది; దాన్నే మోనోక్లోనల్ అంటారు. ఈ పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు. అందువల్లే ఎన్నో ప్రయోగశాలలు, ఆ తర్వాత ఎన్నో కంపెనీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. 1984లో ఆ ఇద్దరికీ, నీల్స్ యెర్నెకూ కలిపి నోబెల్ వచ్చింది.

హిఫ్ వైపు దారి కొండల మీద నుంచి వచ్చింది. 1890లో ఫ్రాన్సువా వియో అనే ఫ్రెంచి వైద్యుడు పెరూలోని ఎత్తైన మొరొకోచా గనుల దగ్గర కొద్ది వారాలున్న మనుషుల రక్తంలో ఎర్రరక్తకణాలు బాగా పెరగడాన్ని లెక్కపెట్టి చూపాడు. ఆ పెరుగుదలకు కారణమైన ఎరిత్రోపోయిటిన్ హార్మోన్‌ను శుద్ధరూపంలో చూడటానికి 1977 దాకా ఆగాల్సివచ్చింది. రక్తహీనతతో బాధపడుతున్న జపాన్ రోగుల నుంచి సేకరించిన 2,550 లీటర్ల మూత్రంలో నుంచి షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం దాన్ని తీసింది. 1985లో దాని జన్యువు చేతికొచ్చింది. ఆక్సిజన్ తగ్గితే ఆ జన్యువుకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నతో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్ సెమెంజా పని మొదలుపెట్టాడు. జన్యువు పక్కనున్న డీఎన్‌ఏ ముక్కకు ఊపిరాడని కణాల్లోనే ఏదో ప్రోటీన్ అతుక్కుంటోందని 1992లో ఆయన, గ్వాంగ్ వాంగ్ ప్రకటించారు. హిఫ్-1 అన్న పేరు అప్పుడే పెట్టారు. అప్పటికి ఆ ప్రోటీన్‌ను ఎవరూ చూడలేదు. రేడియోధార్మిక డీఎన్‌ఏ ముక్క జెల్‌లో నెమ్మదిగా కదలడమే దాని ఉనికికి సాక్ష్యం.

వాంగ్, సెమెంజాలు హీలా అనే క్యాన్సర్ కణాలను పెద్ద ఎత్తున పెంచి, వాటి నుంచి ఆ ప్రోటీన్‌ను 11,250 రెట్లు శుద్ధిచేశారు. 1995లో వెలువడిన ఆ పని ఓపికకు నిదర్శనం. శుద్ధమైన సరుకులో 120 కిలోడాల్టన్ల బరువున్న ముక్క ఒకటి, 91 నుంచి 94 మధ్య ఉన్న ముక్కలు మూడు కనిపించాయి. మొదటిది ఆల్ఫా, మిగిలినవి బీటా రూపాలు. బీటా అప్పటికే డయాక్సిన్ విషం మీది పరిశోధనల్లో ఆర్న్‌ట్ పేరుతో తెలిసిన ప్రోటీనేనని తేలింది. ఆల్ఫా మాత్రం పూర్తిగా కొత్తది, 826 అమైనో ఆమ్లాల గొలుసు. దాని జన్యుక్రమం దొరికిన వెంటనే ఆ బృందం బ్యాక్టీరియాలో దానిలోని ఒక భాగాన్ని మరో ప్రోటీన్‌కు అతికించి తయారుచేసి, కుందేళ్లకు ఎక్కించింది. హిఫ్-1 ఆల్ఫాకు మొదటి యాంటీబాడీలు ఆ కుందేళ్ల సీరంలోనివే.

వాటి విలువ వెంటనే తెలిసింది. డీఎన్‌ఏకు అతుక్కున్న ముద్దకు ఆ సీరం కలిపితే జెల్‌లో దాని కదలిక మారిపోయింది. అతుక్కున్నది ఆ ప్రోటీనేనని రుజువైంది. కణాలను 1 శాతం ఆక్సిజన్‌లో ఉంచితే వెస్టర్న్ బ్లాట్ మీద ఆల్ఫా ఉనికిని చూపే గీత, అంటే బ్యాండ్, తేలింది, మామూలు గాలిలోకి తెస్తే చెదిరిపోయింది. మరుసటి సంవత్సరం అదే బృందం ఆక్సిజన్‌ను మెట్టుమెట్టుగా తగ్గిస్తూ కొలిచింది. 1.5 నుంచి 2 శాతం మధ్య హిఫ్ సగం స్థాయికి, 0.5 శాతం దగ్గర గరిష్ఠానికి చేరింది. దేహంలోని కణజాలాల్లో ఉండే ఆక్సిజన్ స్థాయిలకు ఈ అంకెలు దగ్గరగా ఉండటమే ఆ పనికి బలం. యాంటీబాడీ లేకపోతే ఈ వక్రరేఖ గీయడం దాదాపు అసాధ్యమయ్యేది.

అయితే ఈ ప్రోటీన్ పనివాడి తొందరను, జాగ్రత్తను పరీక్షించే రకం. ఆక్సిజన్ తగ్గించిన పెట్టెలోంచి పళ్లెం బయటికి తీసి నాలుగు మాటలు మాట్లాడుకునేలోపే బ్యాండ్ సగమైపోతుంది. అందుకే కణాలను పళ్లెంలోనే వేడి డిటర్జెంట్ ద్రావణంతో కరిగించడం, పనంతా పెట్టె లోపలే ముగించడం అలవాటైంది. ఇనుమును బంధించే డెస్‌ఫెరియాక్సమిన్ కలిపితే కూడా ధ్వంసం ఆగుతుంది. కోబాల్ట్ క్లోరైడ్ ఆక్సిజన్ ఉన్న కణాల్లోనే హిఫ్‌ను నిలబెడుతుంది కాబట్టి, యాంటీబాడీ పనిచేస్తోందా లేదా చూసుకోవడానికి అది చవకైన దారి అయింది. ఇంకో చిక్కు బరువులో ఉంది. గొలుసు పొడవును బట్టి లెక్కకడితే ఆల్ఫా 93 కిలోడాల్టన్లు. జెల్ మీద మాత్రం 110, 120 దగ్గర కనిపిస్తుంది. 93 దగ్గర ముదురుగా కనపడిన బ్యాండ్‌ను హిఫ్ అనుకోవడం కొత్తవారికి సులువుగా జరిగే పొరపాటు.

కుందేలు సీరం నుంచి మోనోక్లోనల్‌కు మారడం ఈ చరిత్రలో రెండో అంకం. సెమెంజా బృందం ఆల్ఫాలోని 432 నుంచి 528 దాకా ఉన్న భాగం మీద ఎలుకల్లో తయారుచేయించిన క్లోన్‌కు హెచ్1 ఆల్ఫా 67 అని పేరు. దాన్ని రోగుల నుంచి తీసి ఫార్మలిన్‌లో నిలవచేసిన కణితి ముక్కల మీద, సంకేతాన్ని అనేక రెట్లు పెంచే పద్ధతితో వాడారు. 1999లో వెలువడిన ఫలితాల్లో 179 నమూనాలున్నాయి. 19 రకాల కణితుల్లో 13 రకాల్లో, పెద్దపేగు, రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్ క్యాన్సర్లు సహా, మామూలు కణజాలం కన్నా హిఫ్ ఎక్కువగా కనిపించింది. ఎలుకల మీద, కణాల మీద సాగుతున్న శాస్త్రం మనుషుల జబ్బు దగ్గరికి వచ్చింది ఆ అద్దపు పలకల మీదనే. 2000లో ఆక్స్‌ఫర్డ్ బృందం తన సొంత క్లోన్లతో, హిఫ్-1 ఆల్ఫాకు ఈఎస్‌ఈఈ 122, దాని దగ్గరి బంధువైన హిఫ్-2 ఆల్ఫాకు ఈపీ 190బీ, మామూలు కణజాలాలనూ క్యాన్సర్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. వాణిజ్యపరంగా బీడీ ట్రాన్స్‌డక్షన్ ల్యాబరేటరీస్ క్లోన్ 54, కొలరాడోలోని నోవస్ సంస్థ అమ్మే హెచ్1 ఆల్ఫా 67 ఎన్నో పరిశోధనశాలలకు చేరాయి.

ఈలోగా హిఫ్ ఎందుకు ధ్వంసమవుతుందన్న ప్రశ్నకు జవాబు దొరుకుతోంది. 1999లో ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ రాట్‌క్లిఫ్ బృందం, వాన్ హిప్పెల్-లిండౌ అనే వంశపారంపర్య వ్యాధిలో చెడిపోయే ప్రోటీనే హిఫ్‌ను నాశనానికి అప్పగిస్తుందని చూపింది. 2001లో ఆ బృందమూ, బోస్టన్‌లో విలియం కేలిన్ బృందమూ ఒకే వేళ ఆ అప్పగింతకు కారణమైన గుర్తును పట్టాయి. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఆల్ఫాలోని 564వ స్థానంలోని ప్రోలిన్‌కు ఒక హైడ్రాక్సిల్ చేరుతుంది. ఆ గుర్తు ఉన్న ఆల్ఫానే వాన్ హిప్పెల్-లిండౌ ప్రోటీన్ పట్టుకుంటుంది. 402వ స్థానం కూడా అలాంటిదే. దీనితో యాంటీబాడీ తయారీదారుల ముందు కొత్త కోరిక వచ్చింది: ప్రోటీన్‌ను మొత్తంగా కాకుండా, ఒక్క ఆక్సిజన్ పరమాణువు చేరిన రూపాన్ని మాత్రమే పట్టే యాంటీబాడీ కావాలి. 564 దగ్గరి ఆ గుర్తుకు ప్రత్యేకమైన యాంటీబాడీలు తయారయ్యాయి. ధ్వంసం చేసే యంత్రాంగాన్ని మందుతో ఆపి వాటిని వాడితే, మామూలు గాలిలో పేరుకున్న, గుర్తుపడిన హిఫ్ బ్లాట్ మీద కనిపిస్తుంది. ఈ మొత్తం విద్యలో ఇంతకన్నా సున్నితమైన పని లేదు. కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

1997లో డాలస్‌లో బయటపడిన రెండో రకం, హిఫ్-2 ఆల్ఫా, ఆకారంలో మొదటిదానికి దగ్గరి బంధువు. ఒకదాని కోసం చేసిన యాంటీబాడీ రెండోదాన్ని పట్టదని ఎలా నమ్మాలి? ఈ సందేహం తీర్చడానికి 786-ఓ అనే మూత్రపిండ క్యాన్సర్ కణాలు బాగా పనికొచ్చాయి. వాటిలో హిఫ్-2 పుష్కలంగా ఉంటుంది, హిఫ్-1 ఆల్ఫా ఉండదు. ఆ కణాల్లో హిఫ్-1 బ్యాండ్ చూపించే యాంటీబాడీని నమ్మడానికి లేదు.

ఇలాంటి పరీక్ష చేయకుండా వాడినవాళ్లు చాలామంది. 2000 తర్వాత యాంటీబాడీలు వందల కంపెనీల జాబితాల్లోంచి కొనే సరుకయ్యాయి, సరుకు మీద నమ్మకం మాత్రం అంతగా పెరగలేదు. పాలీక్లోనల్ సీరం ఒక బ్యాచ్‌లో ఉన్నట్టు మరో బ్యాచ్‌లో ఉండదు. జంతువుల బాధ మరో పక్క: 2016లో కాలిఫోర్నియాలోని ఒక పెద్ద యాంటీబాడీ కంపెనీ మేకలు, కుందేళ్ల సంరక్షణ మీద వచ్చిన ఆరోపణల కేసును అమెరికా వ్యవసాయ శాఖతో 35 లక్షల డాలర్లకు పరిష్కరించుకుంది. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లూక్‌తున్, వందమందికి పైగా శాస్త్రవేత్తల సంతకాలతో, యాంటీబాడీలను వాటి జన్యుక్రమంతో నిర్వచించాలని, జంతువుల నుంచి కాకుండా కణాల్లో తయారుచేయాలని కోరారు. 2016లో ఒక అంతర్జాతీయ బృందం పరీక్షకు అయిదు మార్గాలు చెప్పింది. వాటిలో గట్టిది, ఆ జన్యువును తీసేసిన కణాల్లో బ్యాండ్ పోతుందో లేదో చూడటం. 2023లో 65 ప్రోటీన్లకు అమ్ముడవుతున్న 614 యాంటీబాడీలను ఆ పద్ధతిలో పరీక్షిస్తే సగానికి పైగా ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ ఉపయోగాల్లో విఫలమయ్యాయి. జన్యుక్రమం తెలిసిన రికాంబినెంట్ యాంటీబాడీలే మిగతా రకాలకన్నా మెరుగ్గా నిలిచాయి. హిఫ్-1 ఆల్ఫాకు కుందేలు మోనోక్లోనళ్లు, వాటి రికాంబినెంట్ రూపాలు ఇప్పుడు పాత ఎలుక క్లోన్ల స్థానాన్ని క్రమంగా ఆక్రమిస్తున్నాయి.

ఇంత చరిత్ర ఉన్నా ఆసుపత్రి పాథాలజీలో హిఫ్-1 ఆల్ఫా పరీక్ష రోజువారీ పరీక్షగా స్థిరపడలేదు. శస్త్రచికిత్స గదిలో రక్తప్రసరణ ఆగిన క్షణం నుంచి ఫార్మలిన్‌లో పడేదాకా గడిచే సమయమే ఫలితాన్ని మార్చేస్తుంది. అందుకే కణితిలో ఆక్సిజన్ కొరతను అంచనా వేసేవాళ్లు హిఫ్ ఆజ్ఞతో తయారై, తొందరగా చెదరకుండా నిలిచే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్-9 వంటి ప్రోటీన్లను చూస్తారు. దాన్ని గుర్తించే ఎం75 క్లోన్‌ను 1990ల మొదట్లోనే బ్రాటిస్లావా శాస్త్రవేత్తలు మరో పనికోసం తయారుచేశారు. హిఫ్‌నే నేరుగా చూడాలనుకునే పరిశోధకులు జన్యువు తీసేసిన కణాలను, 786-ఓ వంటి కణాలను పక్కన ఉంచుకోవాలి. ఆ పోలిక లేని బ్లాట్‌ను సాక్ష్యంగా తీసుకోకూడదు.